ఆ ముడి ఎవరిది

"ఈవేళ చెప్పేస్తాను," అంది సుకాంతి.

హేమబతి చేటలో బియ్యం చెరగడం ఆపలేదు. "ఏం చెప్తావ్?"

"ఆ శంఖాలు కట్టింది నేనని."

"చెప్పు." చేట ఎగిరింది. పొట్టు వాకిట్లో పడింది. "చెప్పు కోడలా, నేనే కట్టానను. పదహారేళ్ళుగా ఒక్క ముడి వదులు పోనిదానివి, అమ్మవారి చీరకే ఎందుకు వదులు పోయిందంటారు. చేతులు వణికాయంటావ్. ఎందుకు వణికాయంటారు. మాత్రల వల్లంటావ్. ఏం మాత్రలంటారు. అప్పుడేం చెప్తావ్?"

సుకాంతి వాకిట్లో పడ్డ పొట్టు వైపు చూసింది.

"అదీ. నోరు తెరిస్తే ఎక్కడ ఆపాలో నీకు తెలీదు. అందుకే తెరవద్దంటున్నా."

మగ్గం మీద ఐదు రోజులుగా ఎవరూ కూర్చోలేదు. అమ్మవారి చీర మడత పెట్టి పక్కనే పీట మీద ఉంది. దాన్ని గురువారం గుడి ముందు పరిచారు. దేవికి కట్టే ముందు వీధిలో అందరికంటే పెద్దవాడు చీరంతా తడిమి చూడడం అక్కడి ఆనవాయితీ. ఉద్ధబ్ మెహెర్ చెంగు దగ్గర మొదలుపెట్టి అరచేత్తో తడుముకుంటూ వచ్చాడు. మూడో వరుస శంఖాల దగ్గర చెయ్యి ఆపి వంగి చూశాడు. చీర ఎర్ర రంగు మీద తెల్లగా ఉండాల్సిన శంఖాల్లో పదకొండింటికి అంచులు ఎర్రబడి ఉన్నాయి.

"ఈ వరుస కట్టిందెవరు?" అని అడిగాడు.

సుకాంతి నోరు తెరిచేలోపు హేమబతి, "జెమా," అంది. "అది కట్టిన నాలుగు రోజులూ మా కోడలికి జ్వరం. కూలిమనిషిని నమ్మాం."

తెలుపు నిలవాల్సిన చోట పోగుల్ని ముందే బిగించి కట్టి, ఆ తర్వాత రంగులో ముంచుతారు. కట్టు వదులైతే రంగు లోపలికి పోతుంది. రంగు ఆరాక కట్లన్నీ కోసి పారేస్తారు. అందుకని ముడి ఎవరు వేశారన్నది వేసినవాళ్ళకు, పక్కన కూర్చున్నవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. జెమా పక్కన కూర్చుంది. కండెలు చుట్టింది, రంగు బానలు కడిగింది. ఆ చీరలో ఒక్క ముడీ వేయలేదు. ఆ సంగతి గురువారమే చెప్పింది. ఎవరూ నమ్మలేదు. సుకాంతి కట్టు వదులవుతుందని నమ్మడం కంటే జెమా అబద్ధం చెబుతోందని నమ్మడం వాళ్ళకు తేలికైంది.

నూఆఖాయ్‌కి ఇంకా ఆరు రోజులుంది. ఆ రోజు కొత్త బియ్యం తిని, చిన్నవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కాలి. వీధిలో తగవు ఉంటే ఒకరి గడప ఒకరు తొక్కలేరు. కాబట్టి ఏ తగవైనా పండుగలోపే తేలాలి. ఈ తగవుకు ఇవాళ మధ్యాహ్నం సభ పెట్టారు.

ఖిరోద్ సైకిల్ గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"మళ్ళీ మొదలైందా?"

"నీ పెళ్ళాం సభలో మాట్లాడుతుందట," అంది హేమబతి. "మామగార్ల వరుసవాళ్ళందరి ముందూ నిలబడి."

"ముసుగు వేసుకునే మాట్లాడతాను," అంది సుకాంతి.

"అబ్బో, ఎంత మర్యాద!"

"లోపలికి రా," అన్నాడు ఖిరోద్.

లోపలి గదిలో దూలం మీద పాత పౌడరు డబ్బా ఒకటి ఉంది. అతను దాన్ని దించి, అందులోని అట్ట నుంచి ఒక మాత్ర నొక్కి ఆమె అరచేతిలో పెట్టాడు. గ్లాసు అందించాడు. రోజూ పొద్దున్నే జరిగే పనే, ఇవాళ ఆలస్యమైంది. ఆమె మింగేదాకా చూశాడు. గ్లాసులో నీళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఆమె రెండో చెయ్యి కూడా పట్టి గ్లాసు కింద పెట్టింది.

"పదిహేను నెలలు," అన్నాడు. "మీ అన్నయ్యకి కూడా టైఫాయిడ్ అనే చెప్పాను. బుర్లా ఆసుపత్రిలో ఇరవైరెండు రోజులు నీ జడ నేనే వేశాను. వార్డులో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇదంతా ఎవరికోసం చేశాననుకుంటున్నావ్?"

"నాకోసం."

"మరి?"

"ఇప్పుడు నోరు మూసుకోమంటోంది కూడా నాకోసమేనా, ఇంటి కోసమా?"

"రెండూ ఒకటే కదా."

"జెమా ఈ ఇంటి మనిషి కాదు కాబట్టి మీకు ఒకటే."

అతను డబ్బా మూత పెట్టాడు. అది సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి పెట్టాడు.

"మన అమ్మాయి మినీకి పన్నెండొచ్చాయి. ఇంకో ఎనిమిదేళ్ళకు ఎవరో ఒకరు ఈ ఇంటికి సంబంధానికొస్తారు. తల్లి ఎలాంటిదని అడుగుతారు."

"పోగులు కట్టే బంధ పని బాగా చేస్తుందని చెప్తారు."

"చేస్తుందా?"

అతను ఆమె చేతుల వైపు చూసి ఆ మాట అన్నాడు. అన్నాక తల తిప్పుకున్నాడు. సుకాంతి చేతులు కొంగులో పెట్టుకుంది.

"కట్లు విప్పిన రోజే మీకు చూపించాను," అంది. "రంగు పాకింది, కొత్త పోగులు కడదాం, మళ్ళీ ముంచుదాం అన్నాను. మీరేమన్నారు?"

"రోజుల్లేవన్నాను."

"దూరం నుంచి తెలీదులే అన్నారు."

"దూరం నుంచి తెలీదు. ఆ ముసలాయన దగ్గరికొచ్చాడు."

బయట చేట చప్పుడు ఆగింది. హేమబతి వింటోందని ఇద్దరికీ తెలుసు.

"జెమాకి పని నేను చూస్తాను," అన్నాడు ఖిరోద్ గొంతు తగ్గించి. "బర్‌పాలీలో మావాడొకడికి మనిషి కావాలి."

"అమ్మవారి చీర పాడుచేసిన మనిషిని వాడు పెట్టుకుంటాడా? బర్‌పాలీకి ఈ మాట ఇంకా చేరలేదంటారా?"

"సరే. నువ్వు చెప్తావ్. జెమా బయటపడుతుంది. తర్వాత? నువ్వు బోరింగు దగ్గరికి వెళ్తే పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. నువ్వు గట్టిగా నవ్వితే నాకు కబురొస్తుంది. ఎవరిమీదైనా విసుక్కుంటే, మాత్ర వేసుకుందా అని అడుగుతారు."

"ఆ మాట మీరిప్పుడే అడుగుతున్నారుగా. మీరూ, అత్తా."

ఖిరోద్ డబ్బాను దూలం మీద పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"సభకి రావద్దు," అని వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో ఆ జబ్బుకు పేరు లేదు. మాట్లాడక తప్పనప్పుడు 'అప్పటిది' అనేవారు. అప్పుడు, అంటే కిందటేడు జ్యేష్ఠ మాసంలో, సుకాంతి పదకొండు రాత్రులు నిద్రపోలేదు. ఆపకుండా పోగులు కట్టింది. ఎవరూ అడగని చీరలకు కట్టింది. ఇంట్లో నూలు అయిపోతే పక్కింట్లో అడిగింది. పన్నెండో రోజు మగ్గం మీద పడుగు మొత్తం కోసి, దేవి చెప్పింది అంది. డాక్టరమ్మ జబ్బు పేరు ఇంగ్లిష్‌లో రాసి, మనసుకు పొంగూ కుంగూ ఉండే జబ్బని, మాత్రలుంటే మామూలుగా బతకొచ్చని వివరించింది. చేతులు కొద్దిగా వణకవచ్చని కూడా చెప్పింది. ఏం పని చేస్తావని అడగలేదు. వీళ్ళూ చెప్పలేదు.

వీధిలో మూడో ఇంటిని ఇప్పటికీ పిచ్చిదాని ఇల్లు అంటారు. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ఇంట్లో ఇప్పుడుండేవాళ్ళు ఆవిడకు చుట్టాలు కూడా కారు. సుకాంతి కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ పేరేమిటని నలుగురిని అడిగింది. ఒక్కరికీ గుర్తులేదు.

సుకాంతి కాళ్ళు కడుక్కుని కొంగు తలమీదికి లాక్కుంది.

"ఎక్కడికి?" అంది హేమబతి.

"జెమా ఇంటికి."

"కాళ్ళు పట్టుకోడానికా?"

"మీరు పట్టుకోరుగా."

జెమా ఇల్లు వీధి చివర. గది మధ్యలో రెండు గోనెసంచులున్నాయి. ఒకదాని మూతి కట్టేసింది. రెండోదాంట్లో గిన్నెలు సర్దుతోంది. సుకాంతిని చూసి లేవలేదు.

"ఎవరొచ్చారో చూడండి! అమ్మవారి చీర నేసిన ఇంటి కోడలు. కూర్చోమనడానికి పీట లేదు వదినా, సంచిలో పెట్టేశాను."

"ఎక్కడికే?"

"పొద్దున కూలీలను తీసుకుపోయే సర్దార్ వచ్చాడు. హైదరాబాద్ దగ్గర ఇటుక బట్టీ. జంటలకైతే బయానా ఇస్తానన్నాడు. నాకు జంట ఎవరయ్యా, నా మొగుడు మూడేళ్ళ కిందట అక్కడికే పోయి తిరిగి రాలేదుగా అన్నాను. కూతురుందిగా, ఇటుకలు తిరగెయ్యలేదా అన్నాడు." ఒక గిన్నె ఇంకో గిన్నెలో పెట్టింది. "తొమ్మిదేళ్ళది. ఇవాళ బడికి పంపించాను. వెళ్ళినన్ని రోజులు వెళ్ళనీ."

"సభ ఇంకా కాలేదుగా."

"సభ నీకు కాలేదు. నాకైపోయింది. ఐదు రోజుల్నించి ఒక్క ఇంటి నుంచీ కండె రాలేదు. ఉద్ధబ్ తాత కోడలు బోరింగు దగ్గర నా చెయ్యి పట్టుకుని, ఏమైందే ఈ చేతికి అని అడిగింది. నా చేతికి!"

సుకాంతి గోడకు ఆనుకుని కూర్చుంది. చెప్పాలనుకున్న మాటలు దారిలో వరుసగా పెట్టుకుంది. ఆ వరుస ఇప్పుడు గుర్తులేదు.

"జెమా, నా చేతులు వణుకుతాయి."

"తెలుసు."

"నాకప్పుడు వచ్చింది టైఫాయిడ్ కాదు."

"తెలుసు వదినా." జెమా మొదటిసారి తలెత్తింది. "మీ ఇంటి చెత్త పారబోసేదెవరు? మాత్రల అట్టల్ని మీ అత్త పేపర్లో చుట్టి, పైన బూడిద పోసి ఇస్తుంది. టైఫాయిడ్ మాత్రలకి అంత మర్యాద ఎవరు చేస్తారు?"

"మరి గురువారం ఎందుకు చెప్పలేదు?"

జెమా నవ్వింది.

"ఏమని చెప్పను? కూలిది తన తప్పు కప్పుకోడానికి ఆసామి ఇంటి కోడలికి పిచ్చి అంటగట్టింది అనరూ? అప్పుడు రెండు తప్పులయ్యేవి నావి."

సుకాంతి చేతికందిన గిన్నె ఒకటి జెమా వైపు జరిపింది.

"నేను చెప్దామనుకునేలోపే అత్త..."

"ఐదు రోజులైంది వదినా. మీ అత్త ఐదు రోజులూ మాట్లాడుతూనే ఉందా?"

సుకాంతి తల దించుకుంది. "ఆ ముడి నాది," అంది.

"నాకెందుకు చెప్తున్నావ్? నాకు తెలీదా? నువ్వు కడుతుంటే పక్కన కూర్చున్నదాన్ని. కట్టే పట్టీ జారిపోతుంటే పళ్ళతో పట్టుకుని లాగావ్. నేను కట్టనా అని అడిగాను. వద్దన్నావ్." జెమా సంచి మూతి దగ్గరికి లాగింది. "నా దగ్గర చెప్పుకుంటే నీ గుండె తేలికవుతుంది. నాకేమీ తేలికవదు. చెప్తే అక్కడ చెప్పు. లేదంటే ఇక్కడ కూర్చుని నన్ను ఓదార్చకు."

"అక్కడ చెప్తే నన్నేమంటారో..."

"నాకు తెలీదు. నన్నేమంటున్నారో మాత్రం తెలుసు."

సుకాంతి లేచింది. గుమ్మం దాటాక వెనక నుంచి జెమా గొంతు వినిపించింది.

"వస్తానని మాటివ్వకు. వస్తే చూస్తాను."

మూడు గంటలకు గుడి మండపంలో మగవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు స్తంభాల వెనక నిలబడ్డారు. చీర మధ్యలో పరిచి ఉంది. ఉద్ధబ్ మెహెర్ పక్కన వీధి తీర్పులు రాసే పుస్తకం ఉంది. దాని అట్ట మీద ఆయన తండ్రి రాత. ఆయనకు ఎనభై ఒకటి. చూపు మందగించాక మగ్గం ఎక్కడం మానేశాడు గాని, వీధిలో ఏ చీరైనా ఆయన చెయ్యి తగలకుండా నేతగాళ్ళ సొసైటీకి పోదు.

జెమా విడిగా, మెట్ల దగ్గర కూర్చుంది. ఖిరోద్ మగవాళ్ళలో రెండో వరుసలో ఉన్నాడు. సుకాంతి వచ్చి స్తంభం దగ్గర నిలబడడం చూశాడు. కోడలి వెనకే వచ్చిన తల్లి వైపు చూశాడు. హేమబతి, నేనేం చెయ్యను అన్నట్టు చేతులు విప్పింది.

"ఎక్కువసేపు కూర్చోపెట్టను," అన్నాడు ఉద్ధబ్. "పండుగ పనులున్నాయి. ఈ ఏడు దేవికి సొసైటీ నుంచి తెచ్చిన చీరే కడదాం. అమ్మ ఏమీ అనుకోదు, అనుకునేది మనమే. ఇక జెమా సంగతి. ఏడాదిపాటు వీధిలో ఎవరూ పోగు ఇవ్వకూడదని నా మాట. ఎవరికైనా వేరే మాటుందా?"

ఎవరికీ లేదు. ఆయన పుస్తకం తెరిచి కలం అడిగాడు.

"నాకుంది," అంది సుకాంతి.

ఆ వీధికి కోడలిగా వచ్చిన పదహారేళ్ళలో వాళ్ళు ఆమె గొంతు ఇలా వినడం ఇదే మొదలు. కొందరు ఎవరు మాట్లాడారా అని వెనక్కి తిరిగారు.

"ఎవరది?"

"ఖిరోద్ పెళ్ళాం, తాతా," అన్నారెవరో.

"చెప్పమ్మా."

"ఆ వరుస జెమా కట్టలేదు. నేను కట్టాను."

ఉద్ధబ్ కలం కింద పెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు.

"అమ్మా, నీ కట్టు నాకు తెలుసు. నీ కట్టులోకి నీళ్ళే పోవు, రంగెలా పోతుంది? జెమా మీద జాలి కొద్దీ అంటున్నావ్. మంచి మనసే. కాదనను. కాని ఇది జాలిపడే చోటు కాదు."

"బంగారం లాంటి కోడలు," అంది ఒక ముసలావిడ స్తంభం వెనక నుంచి. హేమబతి కళ్ళు తుడుచుకుంది.

సుకాంతి అక్కడ ఆగిపోవచ్చు. అందరూ ఆమెకు దారి చూపించారు. నిజం చెప్పానన్న మాట ఆమెకు మిగులుతుంది, మంచి మనసన్న పేరు ఇంటికి మిగులుతుంది. దూలం మీద డబ్బా దూలం మీదే ఉంటుంది. ఖిరోద్ ఆమె వైపే చూస్తున్నాడు. చాలు అన్నట్టు తల కొద్దిగా ఊపాడు.

ఆమె మెట్ల వైపు చూసింది. జెమా తన మోకాళ్ళ వైపు చూసుకుంటోంది.

"జాలి కాదు తాతా. నా చేతులు వణుకుతాయి. నేను మాత్రలు వేసుకుంటున్నాను, పదిహేను నెలలుగా. కిందటేడు నాకు టైఫాయిడ్ రాలేదు. మనసు జబ్బొచ్చింది. పదకొండు రాత్రులు నిద్రపోలేదు. మగ్గం మీద పడుగు నేనే కోశాను. బుర్లాలో ఉంచారు. మాత్ర మానితే జబ్బు మళ్ళీ వస్తుందన్నారు. వేసుకుంటే చెయ్యి వణుకుతుంది. వణికితే ముడి బిగియదు."

గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పాక ఇంకేదైనా మిగిలిందా అని చూసుకుంది. మిగల్లేదు.

మొదట కదిలింది ఆమె పక్కన నిలబడ్డ ఆవిడ. సుకాంతి భుజానికి తగులుతున్న తన భుజం తీసుకుంది. ఒక పిల్ల, "అంటే ఏంటమ్మా?" అని అడిగితే తల్లి దాని నోరు మూసింది.

"పోయినవారమే వాళ్ళింట్లో అంబిల పులుసు తాగాను," అన్నాడు మగవాళ్ళలో ఒకడు.

"అదేమైనా అంటుకునే రోగమట్రా?"

"కాదని నీకెవరు చెప్పారు?"

"అంటుకునేదైతే మొదట ఖిరోద్‌కి అంటుకోవాలి."

"వాణ్ణి చూస్తే నీకేమనిపిస్తోంది మరి?"

ఒకరిద్దరు నవ్వారు. ఉద్ధబ్ చెయ్యెత్తాడు. నవ్వు ఆగింది.

సుకాంతి స్తంభం దాటి ముందుకొచ్చింది. రెండు చేతులూ చాపింది. వేళ్ళ చివర్లు కదులుతున్నాయి.

"చూడండి," అంది.

అందరూ చూశారు.

"ఇంతమంది ముందు నిలబెడితే నాకూ వణుకుతాయి," అన్నాడు అంబిల తాగినవాడు.

"భయానికి వణుకుతున్నాయమ్మా," అంది ముసలావిడ. "పోయి కూర్చో, తల్లీ."

ఉద్ధబ్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు మెత్తగా ఉంది. పిల్లలతో మాట్లాడే గొంతు అది. కిందటి నిమిషందాకా ఆమెతో ఆయన అలా మాట్లాడలేదు.

"మా పిన్ని ఒకావిడుండేది. ఊళ్ళో ఏ పసివాడు పోయినా, నేనే చంపానని గుండెలు బాదుకునేది. ఎవర్నీ చంపలేదు. పాపం, మనసు బాగోలేనప్పుడు చెయ్యనివి కూడా చేసినట్టే ఉంటుంది. నువ్వు అబద్ధం చెబుతున్నావనడం లేదమ్మా. నీకు అలా అనిపిస్తోంది, అంతే."

"అనిపించడం కాదు తాతా. నేను కట్టాను."

"ఆవిడా ఇలాగే అనేది."

జబ్బు సంగతి చెబితే తనను ఏమంటారో సుకాంతి రోజుల తరబడి ఊహించుకుంది. తన మాటే చెల్లదంటారని మాత్రం ఊహించలేదు. ఐదు నిమిషాల కిందట ఆమె వట్టి మంచి మనసున్న కోడలు. అప్పుడు ఆమె మాటను కాదనడానికి వాళ్ళు ఒక కారణం వెతుక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడు కారణం ఆమే ఇచ్చింది.

"నీ మాట పుస్తకంలో ఎలా రాయను?" అన్నాడు ఉద్ధబ్. "ఖిరోద్, నువ్వు చెప్పు. నువ్వేది చెబితే అది రాస్తాను."

ఖిరోద్ లేచాడు. చీర చివర, పదకొండు శంఖాల దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. జెమా ఇప్పుడు తలెత్తి చూస్తోంది. హేమబతి స్తంభాన్ని పట్టుకుంది.

సుకాంతి అతన్ని చూసింది. వార్డులో దువ్వెన పట్టుకుని, మూడు పాయలు ఎలా అల్లాలో నర్సును అడిగిన మనిషి. నిజం చెబుతాడనే అనుకుంది. జబ్బు ఎలాగూ బయటపడింది, ఇంక దాచడానికి అతనికి మిగిలిందేముంది?

"జబ్బు నిజమే," అన్నాడు ఖిరోద్. "పిచ్చి. కిందటేడు నుంచి. మేం దాచాం. అది మా తప్పు."

పదిహేను నెలల్లో అతను ఆ మాట పలకడం అదే మొదటిసారి. నాలుగు గోడల మధ్య కూడా అనలేదు.

"ముడి సంగతి అబద్ధం," అన్నాడు. "ముడి జెమాదే."

దూరం నుంచి తెలీదని తాను దాటించిన ఆ చీర మీద నుంచి అతని కళ్ళు లేవలేదు. తర్వాత భార్య దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"పద, ఇంటికి. ఎండలో నడిచొచ్చావ్. మాత్ర కూడా ఆలస్యమైంది పొద్దున."

జనం పక్కకు తప్పుకున్నారు. ఇద్దరు నడవడానికి కావాల్సిన దానికంటే ఎక్కువ దారి ఇచ్చారు.

సుకాంతి చెయ్యి విడిపించుకుంది. చీర పక్కన, నేల మీద కూర్చుంది. ముసుగు కొంచెం జారింది. సర్దుకోలేదు.

"తాతా, నా మాట రాయకండి. ఆయన మాట కూడా రాయకండి. ముడి చూసి రాయండి."

"ఏ ముడమ్మా? కోసి పారేశారుగా."

"చట్రం తెప్పించండి. పోగులు తెప్పించండి. ఇక్కడే కూర్చుని శంఖాలు కడతాను. భయమైతే రేపటికి తగ్గుతుంది కదా? రేపు కూడా కడతాను, ఎల్లుండి కూడా. పండుగ దాకా కడతాను. మీరే రంగు వేయించి, మీరే విప్పి చూడండి. పక్కన జెమాని కూర్చోపెట్టి కట్టించండి. రెండూ చూసి, అప్పుడు రాయండి."

ఉద్ధబ్ పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆలోచించాడు. ఆయన నేతగాడు. అడిగింది న్యాయమని ఆయనకు తెలిసిపోయింది. మెట్ల వైపు తిరిగాడు.

"ఏమే జెమా, కడతావా?"

"కట్టను," అంది జెమా.

మండపంలో ఎవరూ అనుకోని మాట అది. సుకాంతి వెనక్కి తిరిగింది.

"జెమా..."

"నేనెందుకు కట్టాలి వదినా?" జెమా లేచి నిలబడింది. "నేను కట్టలేదు. కట్టనిదాన్ని పరీక్షెందుకు రాయాలి? రేపు ఒక్క ముడి జారితే, చూశారా అంటారు. జారకపోతే, జాగ్రత్తగా కట్టిందంటారు. నీ చేతులు నువ్వు చూపించుకో. నా చేతుల్ని ఐదు రోజులు చూశారు, చాలు."

"చూశారా పొగరు," అంది హేమబతి.

"పొగరే అత్తా. మీ ఇంట్లో అబద్ధం ఉంది, నా దగ్గర పొగరు కూడా ఉండొద్దా?"

ఖిరోద్ సుకాంతి వైపు వంగాడు. "విన్నావా? నువ్వు ఎవరికోసం ఇల్లు తగలబెట్టుకున్నావో విన్నావా?" అన్నాడు. ఆ మాట ఆమెకు మాత్రమే వినిపించింది. తర్వాత తలెత్తి అందరికీ వినిపించేలా అన్నాడు. "ఎవరూ పోగులివ్వకండి. దాన్ని రెచ్చగొట్టినట్టవుతుంది. కిందటేడు కూడా ఇలాగే మొదలైంది, కడతాను కడతానని."

సుకాంతి అతనికి జవాబివ్వలేదు. జెమాకు కూడా ఇవ్వలేదు. ఆ ఇద్దరిలో ఎవరి మాట ఎక్కువ తగిలిందో ఆమెకే తెలియదు. ముసుగు సర్దుకుని ఉద్ధబ్ వైపు తిరిగింది.

"జెమా కట్టకపోతే మానె. నేను కడతాను. పోగులు తెప్పించండి తాతా."

ముసలాయన అడిగి తీసుకున్న కలం తిరిగిచ్చేశాడు. పుస్తకం మూయలేదు. చుట్టూ ఒకసారి చూశాడు.

"ఎవరింట్లోనైనా నాలుగు పోగులుంటే తెండి," అన్నాడు.

అది పద్దెనిమిది మగ్గాల వీధి. ఒక్కరూ ఉన్నాయనలేదు.